విత్తనము, పేటెంటు, నష్టపరిహారము

ఏరువాక దినములలో విజయవాడ బెంజ్ సర్కిల్ కూడలియందు ఒక గడియ నిలిచి చూచినయెడల, కలకత్తా రస్తామీదను బందరు రస్తామీదను పోవు లారీలలో విత్తనపు సంచులు విస్తారముగ కానవచ్చును. ప్రత్తి విత్తనము నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు మెట్టలకు పోవును. వరి విత్తనమును మినుము విత్తనమును డెల్టా మాగాణులకు పోవును. ఆ సంచులమీద కంపెనీ పేరు పెద్ద యక్షరములతోను, విత్తనపు రకము పేరు చిన్న యక్షరములతోను, లాటు నంబరు కంటి కానని యక్షరములతోను అచ్చు వేయబడి యుండును. మన సభ్యులలో పెక్కుమంది సంచి చించి, విత్తనము చల్లి, సంచిని పొయ్యిలో వేయుదురు. ఆ ఖాళీసంచి విలువ యెంతయో చెప్పుటయే యీ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణము. అయితే అది చెప్పుటకు ముందు కొంత దూరము, అనగా అమెరికావరకు, పోయి రావలసి యున్నది.

అమెరికా కోర్టులు విత్తనములును కలుపు మందులును అమ్ము కంపెనీచేత కోట్లకొలది డాలర్లు కక్కించినవని యొకప్పుడును, అదే కంపెనీ యొక రైతుపై వ్యాజ్యము గెలిచినదని మఱియొకప్పుడును పత్రికలలో వార్తలు వచ్చినవి. మేము గ్రామములలో తిరుగునపుడు రైతులు ఈ రెండు వార్తలను కలిపి, "అయ్యా, ఆ దేశమున గెలుచునది రైతా, కంపెనీయా?" అని యడుగుచుందురు. ఇవి రెండును ఒక్క తెగకు చెందిన వ్యాజ్యములు కావు. కంపెనీ తన హక్కును రైతు హరించెనని వేయునది పేటెంటు వ్యాజ్యము. కొన్న సరకువలన తనకు హాని కలిగినదని కొన్నవాడు కంపెనీపై వేయునది నష్టపరిహారపు వ్యాజ్యము. ఒకదానిలో కంపెనీ వాది, రెండవదానిలో ప్రతివాది. ఈ భేదము మనసున నుంచుకొన్నచో మిగిలినదంతయు సులభముగ బోధపడును.

పేటెంటనగా నేమి? ఒకడు క్రొత్తదియు, ఉపయోగకరమైనదియు, ఇతరులకు సులభముగా తోచనిదియు నగు వస్తువునుగాని విధానమునుగాని కనిపెట్టినయెడల, దాని మర్మము దాచక ప్రభుత్వమునకు వ్రాసి యిచ్చినందుకు ప్రతిఫలముగా, దరఖాస్తు చేసిన దినము మొదలు 20 సంవత్సరములపాటు ఇతరు లెవ్వరును అతని యనుమతి లేక దానిని చేయరాదు, అమ్మరాదు అను నిషేధపు హక్కు. గడువు తీరినపిమ్మట అది యెల్లరి సొత్తు. క్రొత్తది కానిదానికి పేటెంటు చెల్లదు. దుగ్గిరాల పసుపు యార్డు నెఱిగిన మనవారికి ఈ సంగతి నవ్వు తెప్పింపగలదు: 1995 లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలకు, పుండ్లు మానుటకు పసుపు వాడు విధానముపై పేటెంటు ఈయబడినది. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలివారు ప్రాచీన గ్రంథములను సాక్ష్యముగా చూపి యెదిరింపగా 1997 లో అది రద్దయినది. మన అవ్వలు వ్రాసి పెట్టుకొననందున వచ్చిన తంటా యది!

ఇక విత్తనము సంగతి. నాగలిని కొన్నవాడు ఆ నాగలితో దున్నగలడేకాని, ఆ నాగలి మఱియొక నాగలిని ఈనదు. విత్తనమో, నేలలో పడినంతనే తనవంటివానిని నూఱింటిని పుట్టించును. కనుక విత్తనమునకు పేటెంటు ఉన్నయెడల, రైతు చేనిలో పండిన గింజ యెవనిది? ఈ చిక్కు ప్రశ్న అమెరికాలో బయలుదేరుటకు మూలమైనవాడు మన దేశస్థుడే. వంగదేశమున పుట్టి అమెరికాలో పనిచేసిన ఆనందమోహన చక్రవర్తి యను శాస్త్రజ్ఞుడు, ఒలికిన ముడినూనెను విఱుగగొట్టు సూక్ష్మజీవి నొకదానిని తయారుచేసెను. ప్రాణముగల దానికి పేటెంటు ఈయవచ్చునా యని వివాదము కలుగగా, 1980 లో అమెరికా సుప్రీంకోర్టు, అయిదుగురు న్యాయాధిపతు లొకప్రక్కను నలుగు రొకప్రక్కను నిలువగా, ఈయవచ్చునని తీర్పు చెప్పినది. ఒక్క న్యాయాధిపతి మొగ్గు చూపినందున తెఱవబడిన యా తలుపుగుండ తరువాత మొక్కలును, విత్తనములును, వానిలోని జన్యువులును ప్రవేశించినవి.

దాని ఫలము రైతునకెట్లు తగిలినదో బోమన్ వ్యాజ్యము చూపును. ఈతడు ఇండియానా రాష్ట్రమున సోయా పండించు వృద్ధరైతు. మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన సోయా విత్తనమునకు ఒక గుణము కలదు. రౌండప్ అను కలుపుమందు, అనగా గ్లైఫోసేటు, చల్లినను ఆ పైరు చావదు. కలుపు మాత్రము చచ్చును. ఆ విత్తనము కొను ప్రతి రైతును, పండిన గింజను మరల విత్తనముగా వాడనని కాగితముమీద చేవ్రాలు చేయవలెను. బోమన్ మొదటి పంటకు అట్లే కొని, ఒప్పందము తప్పక నడచెను. రెండవ పంట ఆలస్యపు పంట. అది పండునో లేదో నమ్మకము లేదు. దానికి అంత వెలపెట్టుట దండుగ యని తలచి, ధాన్యపు గిడ్డంగిలో మేతకును నూనెకును అమ్ము సోయాగింజలను కొని చల్లెను. చుట్టుప్రక్కల రైతులందఱును ఆ రకమే పండించుచుండుటచే, ఆ గింజలలో అధికభాగము మందునకు చావనివే. అతడు మందు చల్లి, బ్రతికిన మొక్కల గింజను దాచి, ఏటేట విత్తుకొనెను. కంపెనీ వ్యాజ్యము వేసెను. "నేను డబ్బిచ్చి కొన్న గింజ నాది, మొలుచుట గింజ స్వభావము" అని యతని వాదము. 2013 మే 13 వ తేదీన సుప్రీంకోర్టు న్యాయాధిపతులు తొమ్మండుగురును ఏకగ్రీవముగా అతనికి విరుద్ధముగా తీర్పు చెప్పిరి. కొన్న గింజను తినవచ్చును, అమ్మవచ్చును, పశువులకు వేయవచ్చును; కాని దానిని విత్తి క్రొత్త ప్రతులను చేయుటకు హక్కు లేదు. నష్టము క్రింద 84,456 డాలర్లు చెల్లించుమని క్రిందికోర్టు ఇచ్చిన తీర్పే స్థిరపడెను.

ఈ కథ విని మన రైతులు బెదరిపోవలసిన పని లేదు. మన దేశపు చట్టము వేఱు. 1970 నాటి మన పేటెంటు చట్టముయొక్క 3 వ సెక్షనులో, సూక్ష్మజీవులు తప్ప మొక్కలును, జంతువులును, వాని భాగములును, విత్తనములును పేటెంటునకు తగినవి కావని స్పష్టముగా వ్రాయబడినది. అంతియకాక 2001 లో మొక్కల రకముల సంరక్షణ మఱియు రైతుల హక్కుల చట్టము చేయబడినది. దాని పేరులోనే రైతు ఉన్నాడు; ఇతర దేశముల చట్టములలో అట్టి పేరు అరుదు. ఈ చట్టపు 39 వ సెక్షను ప్రకారము, ఒక కంపెనీ తన పేర నమోదు చేసికొన్న రకమైనను సరే, రైతు తన చేని పంటలోనుండి విత్తనము దాచుకొనవచ్చును, మరల విత్తుకొనవచ్చును, పొరుగువానితో మార్చుకొనవచ్చును, పంచిపెట్టవచ్చును, అమ్మవచ్చును కూడ. చేయరానిది ఒక్కటే: బ్రాండు పేరుతో సంచిగట్టి అమ్మరాదు. బోమన్ మన దేశమున పుట్టియుండిన, సోయా చేలో నిశ్చింతగా నుండెడివాడని మేము తలంచుచున్నాము. అదే చట్టపు 42 వ సెక్షను, ఒక రకమునకు హక్కుదారుడున్నాడని యెఱుగక వాడిన రైతును దోషిగా నెంచరాదని చెప్పుచున్నది.

చట్టము పుస్తకములో నున్నంత మాత్రమున కంపెనీలు ఊరకుండవు. 2019 లో గుజరాతులో పెప్సీకో కంపెనీ, తాను నమోదు చేసిన బంగాళాదుంప రకమును అనుమతి లేక పండించిరని కొందఱు రైతులపై వ్యాజ్యములు వేసి, నలుగురినుండి తలకొక కోటి రూపాయలకు పైగా కోరెను. దేశమంతట రైతు సంఘములు ఆ 39 వ సెక్షనును చేతబట్టి లేచుటచేత, ఆ యేడు మే నెలలోనే కంపెనీ వ్యాజ్యములను ఉపసంహరించుకొన్నది. ఆ రకపు రిజిష్ట్రేషనును 2021 డిసెంబరులో అధికారులు రద్దుచేసిరి గాని, 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము ఆ రద్దును త్రోసివేసినది. రిజిష్ట్రేషను కంపెనీదే కావచ్చును. 39 వ సెక్షను మాత్రము రైతునకు చెక్కుచెదరక నున్నది. మన డెల్టాలో స్వర్ణ, సాంబా మసూరి పండించువారికి ఈ తగాదా వినుటకే వింతగా నుండును. మారుటేరు పరిశోధనాస్థానమువారు 1982 లో ఇచ్చిన స్వర్ణయు, బాపట్లవారు 1986 లో ఇచ్చిన సాంబా మసూరియు ప్రజల ద్రవ్యముతో పుట్టినవి. వాని గింజను ఎన్ని యూళ్లు మార్చుకొన్నవో లెక్కలేదు, అడిగినవారును లేరు.

ప్రత్తి సంగతి యట్లు కాదు. అందు కంపెనీల రాజ్యము మన కండ్లయెదుటనే వచ్చినది. దానిపై వ్యాజ్యము తెచ్చినవారిలో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే మొదటిది. కావున దీనిని కొంచెము విపులముగా చెప్పవలెను.

2002 మార్చిలో బీటీ ప్రత్తికి కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చినది. నేలలోని ఒక సూక్ష్మజీవినుండి తీసిన జన్యువును ప్రత్తిలో చేర్చుటచే, కాయతొలుచు పురుగు ఆకుగాని కాయగాని తిన్నప్పుడు చచ్చును. ఆ జన్యువు మోన్‌శాంటోది. మహికో కంపెనీతో కలిసి వారు స్థాపించిన ఉమ్మడి కంపెనీ, మన దేశపు విత్తన కంపెనీలకు దానిని వాడుకొను లైసెన్సు నిచ్చి, ప్రతి పొట్లముపైన "గుణపు రుసుము" వసూలు చేసెను. 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైబడి అమ్ముచున్న దినములలో, అందు 1,250 రూపాయలవరకు ఈ రుసుమే. అనగా విత్తనము పండించిన రైతునకును, శుద్ధిచేసిన కంపెనీకిని, అమ్మిన వర్తకునికిని కలిపి దక్కునది మూడవవంతునకు లోపు. ఇందు విశేషమేమనగా, ఆ మొదటి జన్యువునకు మన దేశములో పేటెంటే లేదు! ఒప్పందపు బలముచేతనే రుసుము రాబట్టిరి.

2006 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపారములను విచారించు కమిషను ఎదుట ఫిర్యాదు చేసి, చైనా మొదలగు దేశములలో ఇదే జన్యువునకు కంపెనీ పుచ్చుకొను సొమ్ము ఎంతో తక్కువ యని చూపినది. ఆ యేడు మే నెలలో కమిషను రుసుమును తగ్గింపుమని తాత్కాలికపు ఉత్తరువు చేసెను. వెంటనే మన ప్రభుత్వము పొట్లము ధర 750 రూపాయలుగా నిర్ణయించినది. కంపెనీ సుప్రీంకోర్టునకు పోయినను నిలుపుదల దొరకలేదు. పిమ్మట 2007 లో ప్రత్తి విత్తనముల ధరలను నిర్ణయించు అధికారము ప్రభుత్వమున కిచ్చుచు మన శాసనసభ ఒక చట్టము చేసినది. ప్రత్తిరైతు ఒక్క పొట్లముపైన ఎనిమిదివందల రూపాయలకు పైగా మిగుల్చుకొన్నది ఏ పరిశోధనాలయమువలనను కాదు, ఈ ఫిర్యాదువలననే. ప్రదర్శకులమగు మేము ఎఱువు మోతాదును గూర్చియు సాళ్ల యెడమును గూర్చియు ఎంత చెప్పినను ఎకరమునకు అంత మిగిలించుట కష్టమే.

తరువాత కథ నూజివీడు పేరుతో ముడిపడియున్నది. పూర్వపు కృష్ణాజిల్లాలోని ఆ యూరి పేరు పెట్టుకొన్న నూజివీడు సీడ్సు కంపెనీ, దేశములో ప్రత్తి విత్తనము విరివిగా అమ్మువారిలో నొకటి. బోల్‌గార్డు రెండవ రకపు జన్యువునకు మోన్‌శాంటో మన దేశములో పేటెంటు పొందియుండెను. రాష్ట్రప్రభుత్వములు ధర తగ్గించినపుడు రుసుమును కూడ తగ్గింపవలెనని నూజివీడువారును, ఒప్పందము ప్రకారము పూర్తిగా చెల్లింపవలెనని మోన్‌శాంటోవారును పట్టుబట్టిరి. 2015 నవంబరులో మోన్‌శాంటోవారు లైసెన్సును రద్దుచేసి, పిమ్మట ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసిరి. 2017 మార్చిలో ఏకన్యాయాధిపతి, ప్రభుత్వము నిర్ణయించిన రుసుము పుచ్చుకొని లైసెన్సును సాగింపుడని చెప్పెను. 2018 ఏప్రిలులో ఇద్దఱు న్యాయాధిపతుల ధర్మాసనము, విత్తనములో చేరిన జన్యువు 3 వ సెక్షను నిషేధములోనికే వచ్చునని పేటెంటునే కొట్టివేసెను. 2019 జనవరి 8 వ తేదీన సుప్రీంకోర్టు, ఇంతటి శాస్త్రసంబంధమగు ప్రశ్నను సాక్ష్యము విచారింపకయే తేల్చరాదని, ఆ తీర్పును త్రోసివేసి, వ్యాజ్యమును మరల మొదటి న్యాయాధిపతికే పంపెను. 2021 మార్చిలో ఉభయపక్షములును రాజీపడినవి.

కాబట్టి, మొక్కలో చేరిన జన్యువునకు మన దేశములో పేటెంటు చెల్లునా చెల్లదా యను ప్రశ్నకు సుప్రీంకోర్టు తుది సమాధానము ఈ వ్యాజ్యములో రాలేదు. ఈలోపల కేంద్రప్రభుత్వము 2015 డిసెంబరులో దేశమంతటికి ప్రత్తి విత్తనపు ధరల నియంత్రణపు ఉత్తరువు చేసి, 2016 లో పొట్లము 800 రూపాయలు గాను, అందు గుణపు రుసుము 49 రూపాయలు గాను నిర్ణయించెను. రుసుము క్రమముగా తగ్గి 2020 లో సున్న అయ్యెను. పేటెంటు గడువును 2019 లోనే తీరిపోయెను. మఱియొక న్యాయాధిపతి కూడ ఈలోపల తీర్పు చెప్పెను: అది గులాబిరంగు కాయతొలుచు పురుగు. ఆ రెండవ రకపు బీటీని తిని బ్రతుకుట అది నేర్చుకొన్నది. వకీళ్లు జన్యువు ఎవరిదని వాదించుచుండగనే, దాని పస చాలవఱకు తగ్గినది.

ఇక రెండవ తెగ వ్యాజ్యములను చూతము. వీనిలో కొన్నవాడే వాది. అమెరికాలో ఇట్టి వ్యాజ్యమును న్యాయాధిపతి యొక్కడే తేల్చడు. సామాన్య పౌరులనుండి యేర్చిన జూరీ కూర్చుండి, తప్పున్నదా లేదా, ఎంత యీయవలెను అని నిర్ణయించును. కలిగిన నష్టమునకు ఇచ్చునది యొక పద్దు. కంపెనీ తెలిసియు ఉపేక్షించెనని తోచినయెడల శిక్షగా విధించు సొమ్ము మఱియొక పద్దు. అచటి వకీళ్లు ఇట్టి వ్యాజ్యములలో ముందుగా ఫీజు పుచ్చుకొనక, గెలిచినప్పుడు వచ్చినదానిలో భాగము తీసికొందురు. ఓడినచో వారికేమియు రాదు. ఇందువలన బీదవాడును పెద్దకంపెనీపై వ్యాజ్యము వేయగలుగుచున్నాడు. వకీలునకు ఆశయు మిక్కుటమగుచున్నది. విచారణకు ముందు కంపెనీ తన లోపలి ఉత్తరప్రత్యుత్తరములను ఎదుటిపక్షమునకు చూపవలెను. అనేక వ్యాజ్యములలో గుట్టు బయటపడునది అక్కడనే.

పైన చెప్పిన రౌండప్ మందును గూర్చియే ఈ వ్యాజ్యములు వేలకొలదిగా వచ్చినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2015 లో గ్లైఫోసేటును "మనుష్యులకు కాన్సరు కలిగింపవచ్చుననుటకు సంభావ్యత కలది" యను తరగతిలో చేర్చెను. అమెరికాప్రభుత్వపు పర్యావరణ సంస్థ మాత్రము, లేబిలు ప్రకారము వాడిన యెడల అట్టి సంభావ్యత లేదని చెప్పుచు వచ్చెను. ఇట్లు పెద్దలలోనే భేదాభిప్రాయము కలదని చదువరులు గమనింపవలెను. 2018 ఆగష్టు 10 వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో నగరములో, బడుల ఆవరణలలో ఈ మందు చల్లు పనిచేసి రక్తసంబంధమగు కాన్సరు పాలైన యొక పనివానికి, జూరీ 28 కోట్ల 90 లక్షల డాలర్లు ఈయవలెనని చెప్పెను. పత్రికలలో పెద్దయక్షరములతో వచ్చినది ఈ మొత్తమే. తరువాత న్యాయాధిపతి దానిని 7 కోట్ల 85 లక్షలకు తగ్గించుటయు, 2020 లో పైకోర్టు 2 కోట్ల 5 లక్షలకు దించుటయు చిన్నయక్షరములలో వచ్చినవి. అచటి తీర్పును వినునపుడు చివరి యంకె యేదియని యడిగి తెలిసికొనుట మంచిది. అయినను 2018 లో 6,300 కోట్ల డాలర్లకు మోన్‌శాంటోను కొన్న జర్మనీ దేశపు బేయర్ కంపెనీ, 2020 జూనులో, వ్యాజ్యములను పరిష్కరించుకొనుటకు 1,090 కోట్ల డాలర్లవరకు ఇచ్చుటకు ఒప్పుకొన్నది. ఆ పిమ్మట కొన్ని వ్యాజ్యములలో జూరీలు కంపెనీ పక్షముననే తీర్పు చెప్పినవి.

ఈ వ్యాజ్యములలో ముఖ్యమగు ప్రశ్న మందు విషమా కాదా యనునది మాత్రమే కాదు. ప్రమాదమును తెలిసియు డబ్బామీద హెచ్చరిక వ్రాయలేదా యనునది. మన దేశములో గ్లైఫోసేటునకు అనుమతి తేయాకు తోటలకును, పైరులేని భూములకును మాత్రమే ఉండెను. 2018 లో ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములు దాని అమ్మకముపై నిర్బంధములు విధించినవి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము, లైసెన్సుగల పురుగు నివారకులద్వారా తప్ప దానిని వాడరాదని ఉత్తరువు చేసినది. ప్రత్తి సాళ్లలో దానిని చల్లినవాడు రేపు ఏదైన హాని కలిగి కోర్టునకు పోయినయెడల, కంపెనీ వకీలు మొదట అడుగు ప్రశ్న యేదో మీరే ఊహింపగలరు: "లేబిలుమీద ప్రత్తి అని యున్నదా?" ప్రతి మందు డబ్బామీద నుండు ముక్కోణపు రంగును కూడ చూడవలెను. ఎఱుపు మిక్కిలి తీవ్రమగు విషము, పసుపు దానికి తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఆకుపచ్చ యనగా త్రాగవచ్చునని కాదు.

మన ప్రాంతపు రైతునకు అమెరికా తీర్పులకంటె వేయిరెట్లు ఉపయోగించు తీర్పు ఒకటి 2012 జనవరి 16 వ తేదీన మన సుప్రీంకోర్టు చెప్పినది. అది మన ఆంధ్రరైతులు తెచ్చిన వ్యాజ్యములలోనిదే. జాతీయ విత్తన సంస్థవారి విత్తనము వేసి పంట పోయిన రైతులు, మహబూబునగరు, కర్నూలు, గుంటూరు మొదలగు జిల్లాల వినియోగదారుల ఫోరములలో ఫిర్యాదు చేసి గెలిచిరి. సంస్థవారు సుప్రీంకోర్టువరకు పోయి మూడు వాదములు ప్రధానముగా చేసిరి. విత్తనములకు 1966 నాటి విత్తనముల చట్టమున్నది గనుక వినియోగదారుల చట్టము వర్తింపదు. రైతు పంట పండించి అమ్మును గనుక వినియోగదారుడు కాడు, వ్యాపారి. విత్తనమును పరీక్షాలయమునకు పంపి లోపమున్నదని రుజువు చేయలేదు.

సుప్రీంకోర్టు మూటిని త్రోసివేసినది. విత్తనముల చట్టములో రైతునకు నష్టపరిహార మిప్పించు మార్గము లేదు. కావున వినియోగదారుల చట్టము తప్పక వర్తించును. పొట్టకొఱకు సేద్యము చేయు రైతు వ్యాపారి కాడు, వినియోగదారుడే. మూడవ వాదమునకు చెప్పిన సమాధానము మా మనసునకు మిక్కిలి నచ్చినది. విత్తనము చెడిపోవునని ముందుగా ఊహించి, కొంత గింజను పరీక్షకై దాచి పెట్టవలెనని ఏ రైతు తలచును? కొన్నదంతయు విత్తుటయే రైతు ధర్మము. అదే లాటులోని గింజ సంస్థవారియొద్ద నుండును గదా, వారే పరీక్షింపించి తమ గింజ మంచిదని చూపియుండవచ్చును. సేద్యమనగా నేమో యెఱిగినవారు వ్రాసిన మాటవలె నున్నది.

2019 లో వినియోగదారుల చట్టము క్రొత్తగా చేయబడి 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. సరకు లోపమునకు తయారుచేసినవాడును, అమ్మినవాడును బాధ్యులగుటనుగూర్చి అందొక ప్రత్యేకాధ్యాయము కలదు. రైతు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ హైదరాబాదులో నున్నను ముంబయిలో నున్నను అచటికి పోవలసిన పని లేదు. సరకునకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. ప్లీడరును పెట్టుకొనక స్వయముగా వాదించుకొనవచ్చును. వ్యవహారము పుట్టిన రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. ఒకే లాటు విత్తనముచే ఒక యూరిలో పదిమందికి నష్టము కలిగినయెడల, కమిషను అనుమతితో ఒకరో యిద్దఱో అందఱి పక్షముననూ ఫిర్యాదు తేవచ్చును. ఇదిగాక పైన చెప్పిన 2001 నాటి చట్టపు 39 వ సెక్షనులోనే, నమోదైన రకము కంపెనీ చెప్పినంత పండనిచో ఆ చట్టపు అధికారియొద్ద పరిహారము కోరు హక్కు కలదు.

ఇచట ఆ ఖాళీసంచి పనికివచ్చును. రైతు విత్తనమును దాచనవసరము లేదని కోర్టు చెప్పినమాట నిజమే. కాని కొన్నట్లు రుజువేది? లాటు నంబరేది? రశీదు లేనియెడల ఏ కమిషను ఏమి చేయగలదు? మెట్ట గ్రామములలో అప్పుమీద విత్తనమిచ్చు వర్తకుడు తెల్లకాగితముమీద "ప్రత్తి 6" అని గీకి యిచ్చును. దానిని రశీదనరాదు. రకము పేరు, లాటు నంబరు, తేదీ, వెల, కొన్నవాని పేరు, అమ్మినవాని చేవ్రాలు ఉన్నదే రశీదు. ధ్రువీకరింపబడిన విత్తనమునకు నీలపు చీటీ యుండును. కంపెనీ తన పూచీమీద అమ్ము విత్తనమునకు పచ్చ చీటీ యుండును. చీటీని, సంచిని, రశీదును కలిపి ఒక గుడ్డలో మూటగట్టి, పంట యింటికి చేరువఱకు దూలమునకు వ్రేలాడదీసి యుంచుడు. ఎలుకలు కొట్టకుండ చూచుకొనుడు.

మొలక సరిగా రాకపోయినను, మినుము చేలలో కల్తీ మొక్కలు కానవచ్చినను, ప్రత్తి పూతకు రాకపోయినను, చేను దున్నివేయుటకు ముందే మండల వ్యవసాయాధికారికి వ్రాతమూలముగ తెలుపుడు. తెలిపిన కాగితపు నకలుమీద ముద్ర వేయించుకొనుడు. అధికారియు శాస్త్రజ్ఞులును వచ్చి చేను చూచి వ్రాసిన నివేదికయే తరువాత బలమగు సాక్ష్యము. కోపముచే ముందుగా దున్నివేసి, పిదప మాయొద్దకు వచ్చువారు ప్రతి సంవత్సరము కొందఱుందురు. దున్నిన చేనిలో మేము ఏమి చూడగలము? ప్రక్కచేనిలో వేఱు లాటు వేసి బాగుగా పండియున్న పైరు ఉన్నయెడల దానిని కూడ చూపుడు. వానవలన పోయెననియు, చీడవలన పోయెననియు కంపెనీ చెప్పుమాటకు అదే సమాధానము.

కలుపుమందునకు చావని ప్రత్తి యని గుట్టుగా అమ్ముడుపోవు విత్తనమును గూర్చి ఒక మాట. ఆ రకమునకు మన దేశములో అనుమతి యీయబడలేదు. దానిని అమ్మువాడు రశీదు ఈయడు. సంచిమీద నుండు పేరు కల్పితము. దానిపై చల్లు గ్లైఫోసేటు నిర్బంధములకు లోనైనది. కూలి ఖర్చు తగ్గునని రైతులు దానివైపు మొగ్గుచున్నారని మే మెఱుగుదుము. కలుపు తీయు కూలి ఈనాడెంత భారమో కూడ నెఱుగుదుము. అయినను మొలవనినాడు ఆ రైతునకు పేటెంటు చట్టముగాని, వినియోగదారుల చట్టముగాని, 2012 నాటి తీర్పుగాని యేదియు అక్కఱకు రాదు. ఎవరిపై ఫిర్యాదు చేయవలెనో కూడ తెలియదు.

సంఘముల పంచాయతుదారులకు మఱియొక విన్నపము. సంఘము విత్తనము తెప్పించి సభ్యులకు అమ్మునపుడు, చట్టము దృష్టిలో సంఘమును అమ్మినవాడే. రేపు సభ్యుడు ఫిర్యాదు చేసినయెడల కంపెనీతోపాటు సంఘమును ప్రతివాదియై నిలువవలసి వచ్చును. కాబట్టి ఏ లాటు సంచి ఏ సభ్యునకు పోయినదో చూపు రిజిష్టరు నొకదానిని వేఱుగా నుంచుడు. కంపెనీనుండి సరకు పుచ్చుకొనునపుడు ప్రతి లాటునకును ఇన్‌వాయిసులో నంబరు వ్రాయించుడు. ప్రతి లాటునుండి గుప్పెడు గింజను తేదీ వ్రాసిన కాగితపు సంచిలో పోసి, ఇద్దఱు సభ్యుల యెదుట ముద్రవేసి, సంఘపు బీరువాలో నుంచుడు. రైతు చేయనక్కఱలేదని కోర్టు చెప్పిన పనిని సంఘము సులభముగా చేయగలదు. దాని ఖర్చు కాగితపు సంచుల వెల మాత్రమే. విజయవాడలోను మచిలీపట్టణములోను జిల్లా వినియోగదారుల కమిషన్లు కలవు. ఫిర్యాదు తెలుగులో వ్రాసికొనుటకు సాయము కావలసిన సభ్యులు తమ సంఘ కార్యదర్శిద్వారా మాకు తెలిపినయెడల, చేనికి వచ్చునపుడు కాగితములను కూడ చూచి చెప్పుదుము.